ఎదురు నూగు

అక్టోబరు 3, శుక్రవారం, ఉదయం

ముందు అందరి ఆరోగ్యం రాస్తాను. లేకపోతే నా మనసు నిలవదు. మా అబ్బాయి గోవింద్‌ని బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నానన్నాడు. డబ్బా చూస్తే నిన్నటిది అలాగే ఉంది. కోడలు అప్పలలక్ష్మికి మోకాలు ఎలా ఉందో. మెట్లు దిగేటప్పుడు మూలుగుతుంది, అడిగితే బాగానే ఉందత్తా అంటుంది. మనవరాలు రోజారమణి ఈ నెల ఇరవై నాలుగున ప్రధానం పెట్టుకుని పొద్దున్న ఒక్క ఇడ్లీ తింటోంది. చిక్కిపోతే మగపెళ్ళివారు ఏమనుకుంటారో. నాకు కుడి కంట్లో శుక్లం తీసి రెండు నెలలైంది, ఎడమ కన్ను మసకే. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

ఈ డైరీ ఎరువుల షాపు వాళ్ళు ఇచ్చింది. నా చదువు ఐదో తరగతి. తప్పులుంటే ఉంటాయి.

ఈ రోజు రోజా బీరువా సర్దుతుంటే నా పాత ఫోటో దొరికింది. పెళ్ళైన ఏడాది స్టూడియోలో తీయించుకున్నది. మెరూన్ వెల్వెట్ జాకెట్టు, బుట్ట చేతులు, మెడ చుట్టూ లేసు. నేనే కుట్టుకున్నాను. రోజా ఎగిరి గంతేసింది. ఓలమ్మో నానమ్మా, హీరోయిన్‌లా ఉన్నావేటి, ఇది వింటేజ్, ప్రధానానికి నాకు సేమ్ ఇలాంటి టాపే కావాలి అంది. ఆ జాకెట్టు ఏదని అడిగింది. ఎలకలు కొట్టేశాయని చెప్పాను.

కొట్టలేదు. నా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది, వేపాకు వేసి, తెల్ల పంచెలో చుట్టి. ఎందుకు అబద్ధం ఆడానో తెలియదు. అది నాది, అంతే.

అక్టోబరు 5, ఆదివారం

తండ్రీ కూతుళ్ళు విశాఖ వెళ్ళి వెల్వెట్ తెచ్చారు. మంచి మెరూన్. చివరి ముక్క అట, కొంచెం తక్కువే ఉంది. సరిపెట్టగలను అనుకున్నాను. మధ్యాహ్నం మెషిను మీద దుప్పటి తీసి, తుడిచి, నూనె వేశాను. చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చున్నాను.

సాయంత్రం రోజా వచ్చి, గుడ్డ చిట్టితల్లి మేడంకి ఇచ్చేశాను నానమ్మా, డాక్టరుగారు నిన్ను మెషిను ముట్టుకోవద్దన్నారు కదా అంది.

మేడం అట. ఆ గుంట పద్నాలుగేళ్ళప్పుడు రావికమతం నుంచి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని హుక్కులు కుట్టింది. నాలుగేళ్ళు నా మెషిను మీదే నేర్చుకుంది. ఇప్పుడు దానికి అద్దం తలుపుల బోటిక్. లోపల తలలేని బొమ్మకి లెహంగా. చల్లటి గాలి. ఇద్దరు పనివాళ్ళు. ఫోన్లో వీడియోలు పెడుతుంది, వేల మంది చూస్తారట. నర్సీపట్నంలో సగం మంది ఆడవాళ్ళ వీపు కొలతలు నాకు నోటికి వచ్చు. ఒక్కరైనా వీడియో తీశారా?

అక్టోబరు 6

నూనె వేసిన మెషిను మీద మళ్ళీ దుప్పటి కప్పాను.

అక్టోబరు 8, బుధవారం, సాయంత్రం 5

కొలతలకి రోజా వెళ్తుంటే నేనూ బయలుదేరాను. అబీద్ సెంటర్లో పళ్ళు కొనాలన్నాను. కొనలేదు.

చిట్టితల్లి కుర్చీలోంచి లేచి, అమ్మొచ్చింది, అమ్మొచ్చింది అని పనివాళ్ళందరికీ చెప్పింది. ఆ కుర్చీలో నన్నే కూర్చోబెట్టింది. టీ తెప్పించింది, చక్కెర తక్కువ వెయ్యమని కూడా చెప్పింది. అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. అందుకే ఎక్కువ మండింది నాకు.

నా ఫోటోని ఫోన్లో పెద్దది చేసి, అమ్మా, ఈ బుట్ట ఇలగ నిలబడేటట్టు కుచ్చులు ఎలగ పెట్టేవు, కాస్త సెప్పవా అని అడిగింది. ఎప్పటి మాటో, మర్చిపోయానమ్మా అన్నాను.

మర్చిపోలేదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుని పెట్టగలను.

దారిలో రోజా అంది కదా, మేడం వెల్వెట్ ఎవరిదీ తీసుకోదట నానమ్మా, మన ఇంటిది కాబట్టి ఒప్పుకుందట. ఎందుకు తీసుకోదని నేను అడగలేదు.

అక్టోబరు 13, సోమవారం

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను.

కూరలకని వెళ్ళి చిట్టితల్లి షాపులోకి వెళ్ళాను. కత్తిరించిన ముక్కలు బల్ల మీద పరిచి ఉన్నాయి. అది లోపల ఎవరికో కొలతలు తీస్తోంది. నేను ముక్కల మీద చెయ్యి వేశాను. వీపు ముక్క పైనుంచి కిందికి నిమిరితే నున్నగా జారింది. ముందు ముక్కలూ అంతే. కుడి చెయ్యి ముక్కా అంతే. ఎడమ చెయ్యి ముక్క గరగరలాడింది.

ఆ ఒక్క ముక్క తలకిందులుగా కత్తిరించింది. వెల్వెట్‌కి నూగు ఉంటుంది, సన్నటి బొచ్చులాగ. అన్ని ముక్కలకీ ఒకే వైపు పడుకోవాలి. ఒకటి ఎదురు తిరిగితే ట్యూబ్‌లైట్ కింద కనబడదు, ఎండలోకి వెళ్తే రెండు రంగుల గుడ్డలా ఉంటుంది. ప్రధానం మధ్యాహ్నం, పందిట్లో.

దానికి తెలియదు. చూడగానే తెలిసిపోయింది దానికి తెలియదని.

మాట నోటిదాకా వచ్చింది. అంతలో కొలతలు ఇచ్చిన ఆవిడ, మీ చేతిలో ఏదో మహిమ ఉంది మేడం అని చిట్టితల్లితో అంటూ బయటికి వచ్చింది. నేను మాట మింగేశాను. టీ తాగాను. వచ్చేశాను. దారిలో నా నడక ఎంత తేలిగ్గా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్టోబరు 15, బుధవారం

అన్నం సహించడం లేదు. కోడలు గ్యాస్ అంటుంది.

అది ఆ ముక్కని ఎందుకు తిప్పి పెట్టిందో నాకు తెలుసు. గుడ్డ తక్కువైతే ఒక ముక్కని తలకిందులుగా పెడితే కలిసొస్తుందని నేర్పింది నేనే. కాటన్‌కి, పాలిస్టర్‌కి అది సరే. వెల్వెట్‌కి పనికిరాదని మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. నాకు నేర్పిన మాకవరపాలెం టైలరు సింహాద్రిగారు కాజాలు కుట్టడం ఒక్కటి నాకు చూపించలేదు. అన్నీ ఇచ్చేస్తే గురువు దగ్గరికి ఎవరొస్తారు అనేవారు. నేను వెల్వెట్ దాచుకున్నాను. ఎవరైనా వెల్వెట్ తెస్తే చిట్టితల్లిని దారం కొనుక్కురమ్మని బజారుకి పంపేదాన్ని. అది వచ్చేలోగా తలుపు వేసుకుని కత్తిరించేసేదాన్ని.

అక్టోబరు 16

ఇంకా కుట్టి ఉండదు. రేపు చెప్తాను.

అక్టోబరు 17

చెప్పలేదు.

అక్టోబరు 18, శనివారం, మధ్యాహ్నం

టాప్ వచ్చింది. హాల్లో వేసుకుంటే అందరూ ఆహా అన్నారు. బుట్టలు నా బుట్టల్లాగే నిలబడ్డాయి. నేను చెప్పకుండానే కనిపెట్టేసింది. ముందు అదే మండింది నాకు. తప్పు సంగతి తరవాత గుర్తొచ్చింది.

ఫోటో తీసుకుందామని రోజా డాబా మీదికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో అరుపు. ఎడమ చెయ్యి ఎండలో నల్లగా ఉంది. మరకేమో అని తడిగుడ్డతో తుడిచింది. పోతుందా? కూర్చుని ఏడ్చింది.

చిట్టితల్లి బండి మీద పరుగున వచ్చింది. కోడలు దాన్ని గేటు దగ్గరే నిలబెట్టేసింది. ఏటిది చిట్టితల్లీ, ఆరు రోజుల్లో ప్రధానం పెట్టుకుని ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగా? సర్కస్‌కేటి మేం ఎల్తంట? షాపు మూసీసి గోనె సంచులు కుట్టుకోరాదా? అంది. అది తల దించుకుని, తప్పు నాదే వదినా, ఎలగైందో నాకు తెలీడం లేదు, గుడ్డ ఒకటే కదా అంది.

అప్పుడు నా వైపు చూసింది. నేను అరుగు మీద చిక్కుళ్ళు ఈనె తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

అక్టోబరు 19, ఆదివారం

చిట్టితల్లి టాప్ పట్టుకుని విశాఖ వెళ్ళి వచ్చిందట. ఆ తాను అయిపోయింది. దగ్గర రంగు కూడా లేదు. కోడలు రెండు రంగుల చేతుల ఫోటోని ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది, ఈ షాపుకి ఎల్లి మోసపోకండి అని. సాయంత్రానికి ముగ్గురు తమ గుడ్డలు వెనక్కి తెచ్చేసుకున్నారట. మూడో ఆవిడ మహాలక్ష్మమ్మ మా ఇంటికే వచ్చింది. పాత చెయ్యి పాత చెయ్యే దేవుడమ్మగారూ, నా కూతురి బ్లౌజులు మీరే కుట్టండి అంది.

ఎన్నేళ్ళుగా వినాలనుకున్న మాట. విన్నాను. ఏమీ లేదు అందులో.

అక్టోబరు 20, దీపావళి

రోజా ఒక్క దీపం కూడా పెట్టలేదు. పట్టుచీర కట్టేసుకుంటాలే, ఒగ్గేయండి అంది.

మధ్యాహ్నం ట్రంకు పెట్టె తెరిచాను.

అక్టోబరు 21, మంగళవారం, సాయంత్రం

జాకెట్టు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. గుంతల్లో ఆటో పడుతుందేమో, పడితే సంచి ఎటు పోతుందో అనే భయమే దారంతా. షాపు షట్టరు సగం దించి ఉంది. పనివాళ్ళు లేరు. చిట్టితల్లి ఒక్కతే నేల మీద కూర్చుని ఉంది.

కళ్ళు మూసుకో అన్నాను. దాని చెయ్యి పట్టుకుని టాప్ వీపు మీద నిమిరించాను. తరవాత ఎడమ చెయ్యి మీద. మూడోసారికి దాని వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళు తెరవకుండానే, అమ్మా, ఇదేటి ఎదురు తిరిగింది అంది.

పదమూడో తారీఖునే చూశాను, చెప్పలేదు అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను, లేకపోతే అనలేను.

అది తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. టాప్ మడిచి పక్కన పెట్టింది. తరవాత, వెల్వెట్ వచ్చినప్పుడల్లా నన్ను దారానికి పంపీదానివి, డబ్బాలో దారం ఉండీది కదమ్మా, నాకు తెలుసు అంది. బజారు నుంచి బేగి వచ్చేస్తే నీకు కోపం వస్తాదని వీధి చివర నిలబడి, తలుపు తీశాక వచ్చీదాన్ని అంది. అది నీ పని, నాది కాదు అనుకుని ఇన్నేళ్ళూ ఎవరి వెల్వెట్టూ ముట్టలేదు, నీ మనవరాలికి కాబట్టి ముట్టాను అంది.

నేను సంచి విప్పాను. జాకెట్టు చూసి అది రెండు చేతులూ చీరకి తుడుచుకుంది. ఎలకలు కొట్టీసేయని రోజా సెప్పింది, కొట్టలేదేటి అంది. కొట్టింది నేనే అన్నాను. నవ్వింది. ఇద్దరం నవ్వాం, తరవాత ముక్కు తుడుచుకున్నాం.

రోజా టాప్‌కి వెయ్యడానికి నా జాకెట్టు చేతులు రెండూ నేనే విప్పాను. అప్పట్లో కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలేదాన్ని, రోజా చేతికి సరిపోతుంది. యాభై ఏళ్ళ మెరూన్ కొంచెం ముదిరింది. రెండు చేతులూ ఒకే ముదురు కాబట్టి కావాలని పెట్టినట్టే ఉంటుంది. నూగు ఎటు పడుకుందో ముందు చిట్టితల్లే చూసి చెప్పింది. ఇస్త్రీ పెట్టె తీయబోతే ఆపాను. గిన్నెలో నీళ్ళు మరగబెట్టి ఆవిరి మీద పట్టుకోవాలి, పెట్టె తగిలితే నూగు చచ్చిపోతుంది అని చెప్పాను. అదీ దాచుకున్నదే.

కుచ్చులు అది పెట్టింది. నా కుచ్చుల కంటే సన్నగా వచ్చాయి. మళ్ళీ మండింది. ఏం చేయను, మండింది.

అక్టోబరు 22

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. గోవింద్ లేచి వెళ్ళి మాత్ర వేసుకున్నాడు. కోడలు, అయితే ఆ రోజు గేటు దగ్గర నా నోరు ఎందుకు మూయించలేదత్తా అంది. గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టింది, తప్పు మా ఇంట్లోదే అని. మా అత్తదని రాయలేదు.

రోజా నాతో మాట్లాడటం మానేసింది.

అక్టోబరు 24, శుక్రవారం

ప్రధానం బాగా జరిగింది. ఎండ బాగా కాసింది. మగపెళ్ళివారి పెద్దావిడ జోగులమ్మగారు చేతులు పట్టి చూసి, ఇలాంటి వెల్వెట్ ఇప్పుడెక్కడ దొరుకుతోందమ్మా అని అడిగింది. దొరకదండీ, మా నానమ్మ విప్పి ఇచ్చింది, చిట్టితల్లి మేడం కుట్టింది అని చెప్పింది రోజా. నా పేరు ముందు వచ్చింది. అయినా మేడం అన్నప్పుడు రోజా ముఖం ఎక్కువ వెలిగింది. చూశాను.

రోజా నా కాళ్ళకి దండం పెట్టింది. మాట్లాడలేదు. లేపుతూ దాని చెయ్యి నిమిరాను, పైనుంచి కిందికి. చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

అక్టోబరు 29, బుధవారం

అందరూ బాగున్నారు. రోజా ఈ పూట నన్ను కంటి మందు వేసుకున్నావా అని అడిగింది.

చిట్టితల్లి ఫోన్ చేసింది. వెల్వెట్ కత్తిరింపు మొత్తం నేర్చుకోవాలట. నవంబరు 5, పౌర్ణమి, బుధవారం, పొద్దున్న పదింటికి వస్తుంది.

దారం ముందే తెప్పించి పెట్టుకోవాలి.