ఓడినవాళ్ల వకీలు

24 ఫిబ్రవరి 2025, సోమవారం

మా మీద కోర్టులో కొట్లాడి ఓడిపోయిన వకీలుకు ఫీజు మా పీఎఫ్‌లోంచే కట్టారు.

ఇక్కడ రాయకపోతే ఎవరినైనా కొట్టేట్టున్నాను. గనిలో పాత కాంట్రాక్టర్ పోయి కొత్త కంపెనీ వచ్చాక మా పీఎఫ్ ఆ కంపెనీ ట్రస్టులోకి ట్రాన్స్‌ఫర్ కావాలి. తీసుకోం అంది ట్రస్టు. నలభై మందిమి కేసు వేశాం, గెలిచాం. జనవరిలో డబ్బు వచ్చింది. ఈరోజు ఫోన్‌లో చూస్తే ఒక్కొక్కరికి పదకొండు వేలు తక్కువ. పక్కన ‘లీగల్ ఎక్స్‌పెన్సెస్’ అని ఒక్క ముక్క.

మా వకీలుకు మేం చందాలు వేసుకుని వేరే ఇచ్చాం.

26 ఫిబ్రవరి

నెలాఖరుకు లచ్చు మామ రిటైర్. బెల్టు కింద రాలిన ఖనిజం పారతో ఎత్తీ ఎత్తీ నడుం వంగిపోయింది. దోర్ల తెగవాడు, మా తర్లగూడ పక్క ఊరు, పిలుపుకే మామ. కూతురి జబ్బుకని తన రెండు ఇప్పచెట్లు సేఠ్ దగ్గర తాకట్టు పెట్టాడు. చెట్లు మామ చేలోనే ఉంటాయి. పువ్వు మాత్రం సేఠ్ మనుషులు ఏరుకుపోతారు. ఈసారి పువ్వు రాలేలోపు విడిపించాలని పీఎఫ్ మీదే ఆశ పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒక్క చెట్టుకే సరిపోతుంది. రెండింటి బాకీ కలిపి కడితేనే ఇస్తానంటాడు సేఠ్.

చెప్పాను. వెలిగించబోయిన బీడీ మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

“మనమే గెలిచినమంటివి కద అల్లుడా. దండుగ మనకెట్ల పడ్డది?”

28 ఫిబ్రవరి, సాయంత్రం

జగదల్‌పూర్‌లో ట్రస్టు ఆఫీసుకు పోయాను. ముకేష్ అనే క్లర్కు చాయ్ తెప్పించి హిందీలో మెల్లగా వివరించాడు. వకీలును పెట్టింది ట్రస్టు, కాబట్టి ఖర్చు ట్రస్టు డబ్బులోంచే పోతుందట. రూల్ ఉందట. ట్రస్టు డబ్బు ఎవరిది అన్నాను. మీదే అని నవ్వాడు.

“అంటే ఆయన మీ వకీలే కదా భయ్యా.”

మరి కేసు వేసిన నలభై మందికే ఎందుకు కోశారు? ట్రస్టులో ముందునుంచీ ఉన్నవాళ్లకు పైసా తగ్గలేదు. ఈ ప్రశ్న తిరుగు బస్సు గీదం ఊరు దాటాక తట్టింది. నా తలకాయ.

3 మార్చి

ఫోన్ చేసి అదే అడిగాను. పైవాళ్లను కనుక్కుంటానన్నాడు ముకేష్.

6 మార్చి

నా ఒక్కడి ఖాతాలో పదకొండు వేలు తిరిగి పడ్డాయి. మిగతా ఎవరికీ పడలేదు.

7 మార్చి

పీఎఫ్‌లో పడింది ఇప్పుడే చేతికి రాదు. అప్పు చేసి అంత డబ్బూ పట్టుకుని మామ ఇంటికి పోయాను. హుంగే అత్త అన్నం పెట్టి, అల్లుడు అప్పుచేసి దానాలు చేసే పెద్దమనిషయ్యాడని ఎగతాళి చేసింది. మామ ఆ నోట్లు ముట్టుకోలేదు.

“సేఠ్ బాకీ పోయి నీ బాకీ అయితది. నా పైసలు నాకు తెచ్చియ్యి.”

చేలో చెట్ల కింద సేఠ్ మనుషులు అప్పుడే ఎండుటాకులు ఊడ్చి కాల్చేశారు. నేలంతా నల్లగా, శుభ్రంగా ఉంది, పువ్వు రాలడమే తరువాయి.

9 మార్చి

ట్రస్టుకు పంపేది ఇంతే.

అందరికీ కోసింది తిరిగి వేయండి. ముందు లచ్చుకు. లేదంటే మీ మనిషిని పంపండి. ఓడినవాళ్ల వకీలుకు గెలిచినవాళ్లు ఎందుకు కట్టాలో లచ్చు ముందు నిలబడి ఆయన భాష దోర్లిలో చెప్పాలి. మీ తరఫున ఆ మాట నేను చెప్పిపెట్టను.

జవాబు బుధవారం సాయంత్రంలోగా.