మాఫీ కాదు, వాయిదా

ఏప్రిల్ 1, 2020. హుజూర్‌నగర్

ఇవాళ్టి నుంచి ఇంటి ఓనర్‌కు అబద్ధం చెప్పను. తేదీ చూసి నవ్వుకోవద్దు, ఇది ఏప్రిల్ ఫూల్ కాదు! కింద సంతకం కూడా పెడుతున్నాను: కమలాకర్, సోషల్ టీచర్.

మార్చి జీతం రాలేదు. బడికి తాళం. ఫోన్ చేస్తే కరస్పాండెంట్ సారు "జీతాలు ఎక్కడికీ పోవు సార్, వాయిదా మాత్రమే" అన్నారు. సరే. నాకు రానిది ఓనర్ రామమ్మకు ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తాను? ఆ మాటే ఆమెకు సూటిగా చెప్తాను. సాకులు వద్దు. దాక్కోవడం వద్దు. స్నానం చేస్తున్నాడని నా భార్య రూపతో చెప్పించడం అసలే వద్దు.

రామమ్మది పై వాటా, మాది కింది వాటా. గొర్లమ్మిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు. భర్త బీరప్ప ఊరి బయట మందతోనే ఎక్కువ ఉంటాడు. మంచి మనుషులు. మంచి మనుషులకు నిజం చెప్పడానికి భయమెందుకు?

రూప మిషన్ మీద మాస్కులు కుడుతూ అంతా విన్నది. "రాసుకునుడెందుకు? మెట్లెక్కి చెప్పి రారాదు?" అంది.

రేపు. తలస్నానం చేసి వెళ్తాను.

ఏప్రిల్ 2

మెట్ల దాకా వెళ్లాను. పైన రామమ్మ చేతులు కడుక్కుంటోంది. భౌతిక దూరం పాటించాలి కదా అని వెనక్కి వచ్చాను. ఇది సాకు కాదు, ప్రభుత్వ నిబంధన.

పిల్లలకు వాట్సాప్‌లో పాఠం పంపాను: పౌరుల బాధ్యతలు. గొంతు ఖంగుమంది!

ఏప్రిల్ 6

రామమ్మే దిగి వచ్చింది. నేను స్నానం చేస్తున్నాను.

నిజంగానే! ఆమె అడుగుల చప్పుడు విన్నాకే బాత్రూంలోకి వెళ్లాననుకోండి. కానీ లోపలికి వెళ్లాక నీళ్లు పోసుకున్నాను. కాబట్టి రూప చెప్పింది అబద్ధం కాదు.

మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. మళ్లీ స్నానం. "మీ సారు మస్తు సుబ్బరం మనిషి బిడ్డా" అన్నదట రూపతో. రూప ఆ మాట నాకు చెప్పేటప్పుడు నవ్వలేదు. అదే బాగాలేదు.

ఏప్రిల్ 11

మెట్ల దగ్గర ఎదురుపడింది. తప్పించుకోలేదు! (జాగా లేదు.)

"సారూ, కిరాయి సంగతి..." అంది.

నోరు తెరిస్తే కరస్పాండెంట్ సారు మాటలే దొర్లాయి. "ఏడికీ పోదు పెద్దమ్మా. ప్రాసెస్‌ల ఉన్నది. వచ్చే సోమవారం."

ఏ ప్రాసెస్? నాకు తెలియదు. ఆయన అన్నప్పుడు నేనూ అడగలేదు, నేనన్నప్పుడు ఆమె కూడా అడగలేదు. "మంచిది సారూ" అని పైకి వెళ్లిపోయింది.

సాయంత్రం టీచర్ల గ్రూపులో కరస్పాండెంట్‌ను అందరం దుమ్మెత్తిపోశాం. నోరు తెరిస్తే అబద్ధమని. అందరికంటే ఎక్కువ నేనే తిట్టాను.

ఏప్రిల్ 24

అద్భుతం! మూడు నెలల పాటు ఇంటి కిరాయి అడగొద్దని ఓనర్లకు ప్రభుత్వ ఆదేశం. టీవీలో నా చెవులతో విన్నాను. ఆ తర్వాత కొంచెం కొంచెంగా వాయిదాల్లో తీసుకోవాలట. ఆ చివరి ముక్క టీవీ వాళ్లే గబగబా చదివేశారు. నేనెందుకు నొక్కి చెప్పాలి?

మెట్లెక్కాను. చెప్పుల చప్పుడు వినిపించేలా ఎక్కాను.

"టీవీ చూసినవా పెద్దమ్మా? కిరాయిలు అడగొద్దని సర్కారు చెప్పింది."

రామమ్మ చెరుగుతున్న చాట కింద పెట్టింది. "అడగొద్దంటే? మాఫీనా సారూ?"

ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. నేను మాఫీ అనలేదు. తలూపాను. తలూపడం మాట కాదు.

అప్పులు మాఫీ, కరెంటు బకాయిలు మాఫీ అని వినీ వినీ మా వైపు జనానికి సర్కారు నోట ఏది వచ్చినా మాఫీలాగే వినిపిస్తుంది. అది నా తప్పా?

ఆమె మళ్లీ చాట అందుకుంది. "సర్కారు జేస్తే మనమేం జేస్తం. నీకు గూడ జీతం లేకపాయె. గట్లనే కానీ" అంది. దిగుతుంటే వెనక్కి పిలిచి చెంబెడు మజ్జిగ ఇచ్చింది. తీసుకున్నాను. వద్దంటే నొచ్చుకుంటుంది.

రూప అడిగింది. "మాఫీ అన్నవా?"

"అనలే."

"మరి గామె గట్ల ఎందుకనుకుంటాంది?"

మజ్జిగ పుల్లగా ఉందన్నాను.

మే 5

కొంప మునిగింది.

కోతలయ్యాక బీరప్ప తన మందను పెద్దులు అనే రైతు పొలంలో కొయ్యకాళ్లకు దించుతాడు. మేపుకున్నందుకు పెద్దులుకు డబ్బులిస్తారు. ఈసారి పెద్దులు డబ్బులడిగితే రామమ్మ ఏమన్నదో తెలుసా? "కిరాయిలు మాఫీ అయినయి. నువ్వు అడగొద్దు. మా కింద ఇంట్లుండే సారు చెప్పిండు."

పొలంది కూడా కిరాయే కదా మరి, ఆమె లెక్కలో! ఇల్లయితే మాఫీ, పొలమైతే కాదు అని నేను చెప్పానా? నేనసలు ఏమీ చెప్పలేదు. తలూపాను.

పెద్దులు మందను రోడ్డు మీదికి తోలేశాడు. సంతలు బంద్, అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఈ ఎండల్లో మేత ఇంకెక్కడుంది?

బీరప్ప మా గడప బయట నిలబడి ఎంతో మర్యాదగా అడిగాడు. "సారూ, నువ్వు సదువుకున్నోనివి. రేపు జర మాతోని వచ్చి గా పెద్దులుకు ఒక్క మాట చెప్పు. మా మాట వింటలేడు."

స్నానం చేద్దామంటే అప్పటికే అయిపోయింది.

మే 6

వెళ్లాను. దారంతా సాధన చేశాను. మాఫీ కాదు, వాయిదా. తప్పు నాది. ఎంత చిన్న వాక్యం! నిజం చెప్పేస్తాననే నమ్మకం కుదిరింది. ఆ సంగతి డైరీలో ఎలా రాయాలో కూడా ఆలోచించుకున్నాను.

గొర్లు రోడ్డు పక్కన ఎండలో ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చుకుని నిలబడ్డాయి. బీరప్ప వాటి మధ్యలో ఉన్నాడు. పెద్దులు మూతికి తువ్వాల చుట్టుకుని గట్టు మీద ఉన్నాడు.

"నువ్వేనా సారువు? సర్కారు చెప్పింది మాఫీయా, వాయిదానా? గది ఇండ్లకా, పొలాలకు గూడనా? నువ్వేదంటే గదే ఖాయం."

రామమ్మ నా పక్కనే నిలబడింది. ఎంత ధీమాగా! "చెప్పు సారూ. నాకు చెప్పినట్టే చెప్పు."

నోరు తెరిచాను. దగ్గు వచ్చింది.

మొదటి దగ్గు నిజమే, గొర్ల దుమ్ము. రెండోది సగం నిజం. మూడోదాని దగ్గర ఆపేయొచ్చు. ఆపలేదు. నడుం వంచి, మోకాళ్లు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా దగ్గాను.

పెద్దులు గట్టు దూకి పరుగు! బీరప్ప గొంగడి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. రామమ్మ మాత్రం కదల్లేదు. "అయ్యో బిడ్డా" అంది.

మే 8

ఆశా కార్యకర్త వచ్చింది. జ్వరం లేదు, అయినా పద్నాలుగు రోజులు గడప దాటొద్దంది. గోడకు కాగితం అంటించి పోయింది.

రూప కుట్టిన మాస్కులు ఇక ఎవరూ కొనరు. "నాలుగు పైసలు తెచ్చేది నా మిషనే. నీ దగ్గు దాని నోరు గూడ మూసింది" అంది.

ఒక లాభం రాసుకోవాలి. క్వారంటైన్‌లో ఉన్నవాణ్ని కిరాయి ఎవరూ అడగరు.

మే 13

రామమ్మ రోజూ గడప దగ్గర గిన్నెలు పెట్టి, దూరం జరిగి పిలుస్తోంది. జొన్నరొట్టె. ఉడకబెట్టిన గుడ్లు. ఇవాళ మాంసం కూర! దగ్గుకు మంచిదట.

కంచంలో వేసుకున్నాక రూప చెప్పింది. పెద్దులును ఒప్పించడానికి బీరప్ప అతనికి రెండు పొట్టేళ్లు ఇచ్చుకున్నాడట. మంద మళ్లీ పొలంలో దిగింది.

ఒక్క తలూపుకు రెండు పొట్టేళ్లు. కంచం పక్కకు జరిపాను. నీళ్లు తాగి తినేశాను. కూర మాత్రం చాలా బాగుంది.

మే 22

కాగితం తీసేశారు. మొదటి ఫోన్ కరస్పాండెంట్ సారుది.

"కమలాకర్ సార్, ఆ జీతాలు ఇక మాఫీ అనుకోండి. బడి తెరిచాక చూద్దాం."

"వాయిదా అన్నరు గద సార్!"

"నేనన్నానా? మీరే అట్ల అనుకున్నట్టున్నారు."

ఫోన్ పెట్టేసి అరిచాను. మాట మార్చేవాడు మనిషా? అవతలివాడు తప్పుగా అనుకుంటున్నాడని తెలిసీ నోరు మూసుక్కూర్చునేవాణ్ని ఏమనాలి?

రూప సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తి నన్ను చూసింది. తను అనాల్సింది నేనే అనేసినట్టున్నాను.

మెట్లెక్కాను. ఈసారి చెప్పులు కింద విడిచి ఎక్కాను.

"పెద్దమ్మా, గది మాఫీ గాదు. వాయిదా. నాకు ఎర్కుండే తలూపిన."

"ఎరికే సారూ" అంది రామమ్మ. "పెద్దులు కొడుకు ఫోన్ల చూపిచ్చిండు."

"మరి నన్నెందుకు అడగలే?"

"దగ్గుతుంటివి గద. దగ్గేటోన్ని కిరాయి అడుగుతమా?"

సిగ్గేసింది. సాకు లేని సిగ్గు. తల ఎత్తలేకపోయాను.

"పొట్టేళ్లు పోతే పోయినయి. కిరాయి నిమ్మళంగ ఇయ్యి" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటి చెప్పు సారూ. నీ పక్కన నేను నిలవడ్డనని మా ఆయన గిన్ని దినాలు ఇంటికి రాలే. నా నుంచి తనకెక్కడ అంటుతదో అని ఫికరుతోని మందకాడనే పన్నడు. గా దగ్గు నిజమేనా?"

పొలం దగ్గర చూసినట్టే చూస్తోంది నా వైపు.

"నిజమే పెద్దమ్మా. మస్తు దగ్గు" అన్నాను.

చెంబెడు మజ్జిగ ఇచ్చింది.

మే 23

ఇవాళ్టి నుంచి ఇంటి ఓనర్‌కు అబద్ధం చెప్పను. నిన్నటి దగ్గు పాత దగ్గు, అది లెక్కలోకి రాదు. అన్నీ కొత్తగా మొదలు. సంతకం: కమలాకర్, సోషల్ టీచర్.

మెట్ల మీద చప్పుడు. రామమ్మ దిగుతోంది. వెనక ఇంకో జత అడుగులు, బీరప్పవి. టవల్ భుజాన వేసుకుని లేచాను.

రూప నాకంటే ముందే వెళ్లి తలుపు బార్లా తెరిచింది.

"రాండ్రి పెద్దమ్మా. సారు ఇంట్లనే ఉన్నడు. స్నానం గూడ అయింది."