నల్లగుడ్డ ముక్క

బెజవాడ, 1946

చిరంజీవి చౌడేశ్వరికి బాబాయి ఆశీస్సులు.

పురుగుల శాస్త్రం చదివిస్తానని చిన్నప్పుడు నాకు మాటిచ్చిన మనిషి, చివరికి బట్టలకొట్లో కూర్చోబెట్టాడు. పుస్తకాలు మాత్రం నేనే కొని చదువుకున్నాను. అందుకే నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. "నల్లపురుగు పట్టిందే, తోట పీకేద్దాం" అంటున్నాడా మీ ఆయన కాశీరావు? వంగ ఆకుల్ని తెల్ల తువ్వాలు మీద దులిపితే నల్లవి కాక ఇంకేం కనిపిస్తాయి? బట్టలవాణ్ణి అడగాల్సింది!

నల్లగుడ్డ ముక్క పంపుతున్నాను. ఆకుల్ని దాని మీద కూడా దులుపు. నలుసంతేసి పాలిపోయిన పురుగులు కదులుతాయి. ఆకు రసం పీల్చేవి అవి. నల్లవి వాటిని తినడానికి వచ్చాయి. రోజూ అన్నే ఆకులు దులిపి, రెండు గుడ్డల మీదా లెక్కపెట్టు. పాలిపోయినవి తగ్గుతుంటే తోట బతికినట్టే. తగ్గుతాయనే నా నమ్మకం. అప్పటిదాకా ఒక్క మొక్క కూడా పీకనివ్వకు.

కాశీరావుని ఏమీ అనకు. పాపం, అతనికి చెప్పేవాడు లేకపోయాడు. మీ ఉయ్యూరు తోటల్లో తిరుగుతూ ఇవన్నీ చెప్పవలసిన నాకు గజంబద్ద చేతికిచ్చింది మా అన్న, మీ నాన్న కోటిలింగమే.