అరిగిన పూస

కోపం వస్తే కుట్టుమిషను గట్టిగా తొక్కే మా అత్తయ్యకు,

మీ మట్టికోడలు రాస్తున్నది. కుట్టేటప్పుడు వేలు పొడుచుకోవడం ఇంకా మానలేదని మీ అబ్బాయి చెప్పారు. కళ్ళద్దాలు మార్చుకోమంటే వినరు కదా! నేను మళ్ళీ తవ్వకాల పనిలో చేరతానంటే చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. అప్పుడు, "మట్టిలో చెయ్యి పెడితేగానీ దానికి ఊపిరాడదు, వెళ్ళనివ్వండి" అంటూ నా సంచీ సర్దింది మీరే. ఆ మేలు తలుచుకోని రోజు లేదు.

ఈ వారం ఒక రాతియుగపు ఇంట్లో, పొయ్యి పక్కన నేల కింద పసిబిడ్డ సమాధి బయటపడింది. కడుపులో ఉన్నట్టే మోకాళ్ళు ముడిచి పడుకోబెట్టారు. ఒంటినిండా ఎర్రమన్ను చల్లారు. మణికట్టు దగ్గర గవ్వతో చేసిన పూస ఒక్కటే ఉంది. "మళ్ళీ పుడుతుందని నమ్మారేమో" అన్నాను. తవ్వకాలు నడిపే మా పెద్దాయన నవ్వారు.

"బొమ్మ దొరికితే దేవతంటారు, గుంట దొరికితే బలిపీఠం అంటారు. నమ్మకాన్ని ఎవరు తవ్వి తీశారమ్మా? కంటికి కనబడిందే రాయండి."

సరేనని భూతద్దం పెట్టి చూశాను. పూస బెజ్జం ఒకవైపుకు అరిగిపోయి ఉంది. దారం ఏళ్ళ తరబడి ఒరుసుకుంటేగానీ అలా అరగదు. అప్పుడే పుట్టిన బిడ్డ దాన్ని ఎప్పుడు వేసుకుంది? ఎవరో తన ఒంటిమీది పూసే తీసి పెట్టారు. ఆ మాట రాసి, గుడారం వెనక్కి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను.

అత్తయ్యా, ఇక కడుపులో దాచుకోలేను. నా పాప ఊపిరి లేకుండా పుట్టినప్పుడు, నాకు మత్తు దిగకముందే మీరు తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చారు. నాకు చూపించలేదని కోపం లేదనను. కానీ ఆ తర్వాత నన్ను కన్నతల్లిలా కాచుకున్న మనిషిని ఏమని నిలదీయను? ఒక్కటి మాత్రం చెప్పండి. నా పాపను ఒట్టి చేతులతోనే పంపారా? అది తెలిసేదాకా నా మనసు కుదుటపడదు.

మీ మట్టికోడలు

తల్లీ,

అడిగావు, బతికించావు. ఎప్పుడు అడుగుతావో అని ఒక భయం, అసలు అడగవేమో అని ఇంకో భయం. నువ్వు తట్టుకోలేవని డాక్టరమ్మ అంటే తలూపాను. చూపించాల్సింది.

దానికి అచ్చం నీ ముక్కే. నువ్వు కొనిపెట్టిన పసుపు గుడ్డతో అప్పటికప్పుడు గౌను కుట్టి తొడిగాను. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే నా ఇత్తడి తొడుగు లేదూ, పెళ్ళికి ముందు నుంచీ వాడుతున్నది, సూది పోట్లకి గుంటలు పడినది? దాన్ని తీసి ఆ గుప్పిట్లో పెట్టాను. మీ పెద్దాయనతో చెప్పు. నేను ఏ దేవుడికీ దండం పెట్టినదాన్ని కాదు. పోయాక ఏమవుతుందో నాకు తెలీదు. ఊరికే పంపడానికి చేతులు రాలేదు, అంతే.

నా కళ్ళకేం రోగం లేదు. వచ్చేటప్పుడు కొత్త తొడుగొకటి పట్రా, వేలు జల్లెడైపోతోంది.

నీ అత్త