ఫైలు తెరిచిన టైము

రెండో తేదీ

అమ్మాయికి, పెదనాన్న దీవించి రాసేది.

లాకుల గదిలో కంప్యూటరు నువ్వొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి తేడాగా ఉంది. పూటకోసారి కొలబద్ద చూసి కాలవ నీటిమట్టం ఎక్కించడమే కదా నా పని. నువ్వు చూపించినట్టు ఎఫ్5 మీట నొక్కితే తేదీ, టైము పడుతున్నాయి. కానీ నేను నొక్కకుండానే ఫైలు అడుగున ఇంకో టైము ఉంటోంది. ఎవరో వచ్చిపోతున్నారు. తాళం మార్చినా ఆగలేదు. చూడకుండా మట్టం రాశాడని నా ముందువాణ్ణి తీసేశారు. పదిహేనున తనిఖీ. ఫోను చెయ్యకు, వింటుందేమో.

పెదనాన్న

తా.క. వాడు ఎప్పుడొచ్చాడా అని ఫైలు తెరిస్తే, సరిగ్గా ఆ నిమిషానికే వచ్చి ఉంటున్నాడు. నా వెనకాలే నిలబడుతున్నట్టున్నాడు.

ఆరో తేదీ

పెదనాన్నకి నమస్కారాలు.

ఎవరూ రావడం లేదు. మీరు మీట నొక్కడం మరిచిపోతారని ఫైలు మొదటి వరుసలో చుక్క పెట్టి ఎల్‌ఓజి అని నేనే కొట్టాను. అలా ఉంటే తెరిచినప్పుడల్లా టైము దానంతటదే పడుతుంది. ఆ వచ్చేది మీరే. ఊరికే చూడటానికి తెరిస్తే, మూసేటప్పుడు దాచమంటారా అని అడుగుతుంది, వద్దనండి.

మీ అమ్మాయి

తా.క. ఫోను మీ మాట వినదు. పెద్దమ్మా వినదు కదా, ఇక భయం దేనికి.

పదకొండో తేదీ

అమ్మాయికి పెదనాన్న రాసేది.

ఆ భయం పోయి ఇంకోటి పట్టుకుంది. తెరిస్తే టైము పడుతుందంటే, తెరవనప్పుడు ఖాళీ కనపడుతుందన్నమాట. మంగళవారం రెండు నుంచి నాలుగున్నర దాకా ఏమీ లేదు. నేను పడుకున్నానని ఆఫీసరు గారికి ఇట్టే తెలుస్తుంది. అందుకని పది నిమిషాలకోసారి తెరిచి మూస్తున్నాను. దాచమంటావా అంటే అవుననే అంటున్నాను. వద్దని దానికి కోపం తెప్పించడమెందుకు.

పెదనాన్న

తా.క. ఈ తెరవడంలో పడి నిన్న కొలబద్ద దగ్గరికే వెళ్ళలేదు.

ఇరవై రెండో తేదీ

అమ్మాయికి, ఉద్యోగంలోనే ఉన్న పెదనాన్న రాసేది.

పదిహేనున ఆఫీసరు గారు వచ్చీరాగానే తనిఖీ పుస్తకంలో ఉదయం పది అని రాసి సంతకం పెట్టారు. ఫైలు తనే తెరిచారు. పదో తేదీ మట్టం లేదని చూసి, ఈ ఫైలు పై ఆఫీసుకి పంపుతానన్నారు. ఆయన అలవాటుగా దాచి మూసి, పంపబోయే ముందు మళ్ళీ తెరిచారు. అడుగున మధ్యాహ్నం మూడు ఇరవై, దాని కింద మూడు ఇరవై నాలుగు. ఎవరు రాశారని అడిగారు. మీరేనండీ అన్నాను. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు.

నువ్వు చెప్పిందంతా చెప్పాను. పుస్తకంలో తను రాసిన పదిని ఇంకోసారి చూసుకుని, "ఒక్కరోజు మట్టం సంగతి వదిలేద్దాంలే. ఈ రెండు వరుసలూ తీసెయ్" అన్నారు. చెరపడం మా అమ్మాయికే తెలుసు, ఉత్తరం రాసి కనుక్కోవాలన్నాను. వారం నుంచి రోజూ వచ్చి జవాబు వచ్చిందా అని అడుగుతున్నారు. సరిగ్గా పదింటికే వస్తున్నారు.

పెదనాన్న

తా.క. చెరిపే మీట నాకు తెలుసు. నువ్వు తొందరపడి జవాబు రాయకు.