రెండో జాడీ

ఏప్రిల్ 10
సోమవారం మా ఆయనకు స్ట్రోక్ వచ్చింది. కుడి పక్క కదలడం లేదు. మాట పడిపోయింది. ఏళ్ల తరబడి గున్సాన్ వీధుల్లో సిటీ బస్సు నడిపిన మనిషి, దిండు మీద తల తిప్పుకోలేకపోతున్నారు. డాక్టరమ్మ ఇప్పుడే ఏమీ చెప్పలేనంది.

ఏప్రిల్ 12
బట్టల కోసం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాను. వెనక వరండాలో ఆయన సరదాగా ఇంట్లోనే కాచుకునే బీరు బకెట్టు. పోయిన ఆదివారమే కాచారు. ఇల్లంతా మాల్ట్ కంపు కొడుతోందని ఆ రోజు దెబ్బలాడాను కూడా. మూత మీది గొట్టంలోంచి బుడగలు ఇంకా వస్తున్నాయి. ఆయన అక్కడ పడుకుని ఉంటే, ఇక్కడ దాని పని అది చేసుకుపోతోంది. తన్నాలనిపించింది.

ఏప్రిల్ 15
మాట వచ్చింది! ఒక్కటే మాట. మార్చు.
దిండు మార్చాలా? కాదు. దుప్పటి? కాదు. పక్కకు ఒత్తిగిల్లుతారా? ఏదీ కాదు. చివరికి విసుగొచ్చి కళ్లు మూసుకున్నారు. ఆయనను చూసుకునే ఆయా గుక్, నాకంటే కాస్త చిన్నది. మనసుకి తీసుకోకు అక్కా, ఈ జబ్బులో ఒక్కోసారి ఏదో మాట నోటికి పట్టుకుంటే వదలదు అంది.

ఏప్రిల్ 16
ప్యో వచ్చాడు. బీరు క్లబ్బులో ఆయన జతగాడు. అన్న బకెట్టు ఏం చేశావు వదినా, బుడగలు తగ్గాయా, అన్న అయితే ఈపాటికి రెండో జాడీలోకి మార్చేవాడే అన్నాడు.
మార్చు!
మంచం దగ్గరికి పరిగెత్తాను. బీరేనా? జాడీలోకి మార్చమంటున్నారా? అని అడిగాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు. తర్వాత తల ఊపారు.
అక్కడే ఏడ్చేశాను. ఇన్నాళ్లకు నాకు చేతనయ్యే పని ఒకటి దొరికింది.

ఏప్రిల్ 17
ప్యోకి ఫోన్ చేసి ప్రాణం తీశాను. బుడగలు పూర్తిగా ఆగాక మార్చాలా, ముందే మార్చాలా? అడుగు మడ్డి కొంచెం వచ్చేస్తే పాడవుతుందా? అసలు ఎందుకు మార్చడం? ఇన్నేళ్లూ అన్న చెబుతుంటే చెవుల్లో దూది పెట్టుకున్నావా వదినా అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, నిజం చెప్పనా, ఇప్పుడెవరూ మార్చడం లేదు, ఆ బకెట్లోనే ఉంచేస్తే తేటపడుతుంది, మారుస్తుంటే గాలి తగిలిందంటే మొత్తం పోతుంది, వద్దులే అన్నాడు.
ఆయన మార్చమన్నారు. అంతే.

ఏప్రిల్ 20
మార్చాను. బీరు దించే గొట్టం మధ్యలో జారిపోయింది. మళ్లీ పెట్టేలోపు జాడీలో పైనుంచి ధార కట్టింది, ఒకటే నురగ. అయినా ఎక్కువ ఒలకలేదు. మడ్డి కూడా రానివ్వలేదు. గాజు జాడీలో ఎండ పడితే తేనె రంగు.
ఆసుపత్రికి పరిగెత్తుకెళ్లి చెప్పాను. మీ బీరు మార్చేశానండీ అని. సగం మూతితో నవ్వారు. నర్సులందరికీ చెప్పాను.

మే 3
చక్కెర కలిపి సీసాలకెత్తాం. ప్యో వచ్చి మూతలు బిగించాడు. అన్న ఇంటికొచ్చేసరికి గ్యాసు పట్టేస్తుందన్నాడు.

మే 9, మధ్యాహ్నం
మళ్లీ స్ట్రోక్. ఆయన పోయారు.

మే 16
గుక్ వచ్చింది. ఆయన కళ్లజోడు వార్డులోనే ఉండిపోయిందని తెచ్చింది. బార్లీ టీ ఇచ్చాను. తాగకుండా కప్పు పట్టుకుని కూర్చుంది. నీతో చెప్పకూడదనుకున్నా అక్కా, కడుపులో దాగడం లేదు అంది.
నేను లేనప్పుడూ ఆయన అదే మాట అనేవారట. లిఫ్టు వైపు చూస్తూ. ఒకరోజు ఇంటికా అన్నా, నిన్ను ఇంటికి మార్చమనా? అని గుక్ అడిగితే, దాని చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారట.
మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను.
ఆ రోజే చెబుదామని నోరు తెరిచాను అక్కా, సరిగ్గా అప్పుడే నువ్వు బీరు మార్చేశానంటూ వచ్చావు, నీ మొహం ఎంత వెలిగిపోతోందో! నువ్వు నర్సుల దగ్గరికి వెళ్లగానే అన్న ఎడం చేత్తో నా నోరు మూశాడు అంది.
దాన్ని మెట్ల దాకా దిగబెట్టాను.
అడిగి ఉంటే ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేవారా? తెలీదు. నేను అడగనే లేదు.

మే 24
ఒక సీసా తెరిచాను. తడిసిన అట్టపెట్టె రుచి. ఇంకొన్నాళ్లు ఉంచితే బాగవుతుందా అని ప్యోని అడిగాను. ఒకసారి గాలి పట్టిందంటే ఇక వెనక్కి రాదు వదినా, పారబోసెయ్ అన్నాడు.
సింకు దాకా తీసుకెళ్లాను. అక్కడే నిలబడి తాగేశాను.