ఈత దగ్గర టిక్కు

మంగళవారం, గూడెం హాస్టల్

తెడ్డు వేయడం నేర్పే ప్యాడ్లింగ్ మెషీన్ మీద ఈరోజూ నాదే ఫస్టు. అదుండేది జిమ్ గచ్చు మీద; ఎంత లాగినా మునిగే భయం లేదు. ఆదివారం నుంచి మాత్రం ప్రాక్టీసు ఏలూరు కాలువలో, జట్టంతా వరసగా కూర్చుని తెడ్లు వేసే నిజమైన డ్రాగన్ బోటులోనట. జట్టులో చేరే ఫారంలో ఈత వచ్చా అన్నచోట కోచ్ సారు నన్ను అడగనైనా లేదు. "కొల్లేరు పిల్లవి, నిన్నేం అడుగుతామమ్మా" అంటూ టిక్కు పెట్టేశారు. చేపల చెరువుల గట్ల మీద పెరిగాను గానీ, లోతని నాన్న ఒక్కనాడూ దిగనివ్వలేదు. అప్పుడే చెప్పాల్సింది. అందరూ చప్పట్లు కొడుతుంటే కింద సంతకం పెట్టేశాను. ఇప్పుడు చెబితే జట్టులోంచి తీసేస్తారేమో...

బోటులో నా పక్క సీటు రూమ్మేట్ మేరీది. ఇందాక మెల్లగా అంది: "నాకు ఈత రాదే. వచ్చని సారుకి అబద్ధం చెప్పాను. పడితే నువ్వు లాగేస్తావుగా?"

"లాగేస్తాలే" అనేశాను.